పడక లెక్క నుంచి జిల్లా లెక్కకు: వరంగల్ ఆసుపత్రుల ఉత్పాదకతపై విధానం, సాంకేతికతల ప్రభావం

(ఆచార్య కొత్తపల్లి జయశంకర్ స్మృతికి అంకితమైన ఉపన్యాసం)

ఒక ప్రాంతానికి కేటాయించిన వనరులు ఎన్ని, వాటిలో ఆ ప్రాంత ప్రజలకు నిజంగా చేరినవి ఎన్ని అనే ప్రశ్నను జీవితమంతా విడవకుండా అడిగిన ఆర్థికశాస్త్ర ఆచార్యుడు కొత్తపల్లి జయశంకర్ (1934–2011). నాటి వరంగల్ జిల్లా అక్కంపేటలో పుట్టి, వరంగల్‌లోని చందా కాంతయ్య స్మారక కళాశాలకు ప్రిన్సిపాల్‌గా, కాకతీయ విశ్వవిద్యాలయానికి రిజిస్ట్రార్‌గా, ఆ తరువాత ఉపకులపతిగా పనిచేసిన ఆయన, నీళ్లు, నిధులు, నియామకాల చర్చకు అంకెల బలాన్ని చేకూర్చారు. కేటాయింపు నుంచి ఫలితం దాకా సాగే ఆ పరిశీలనకు ఆసుపత్రి ఎంతో తగిన క్షేత్రం. బడ్జెట్ పుస్తకంలో కోట్ల రూపాయలుగా కనిపించేది రోగి దగ్గరకు వచ్చేసరికి ఒక పడకగా, ఒక మాత్రగా, డాక్టరు చూసిన కొద్ది నిమిషాలుగా మారుతుంది. ఆ మార్పు ఎంత సమర్థంగా జరుగుతున్నదో చెప్పేదే ఆసుపత్రి ఉత్పాదకత.

ఈ ఉపన్యాసం ప్రతిపాదించే విషయం ఒక్కటే. ఆరోగ్య విధానం గానీ సాంకేతికత గానీ ఒక ఆసుపత్రి ఉత్పాదకతను ఆ ఆసుపత్రి గోడల లోపలే నిర్ణయించవు. రోగి గ్రామం నుంచి బయలుదేరి మళ్లీ ఇల్లు చేరే దాకా సాగే మొత్తం దారిలో ఎక్కడ ఇరుకు ఉన్నదో దాన్ని విప్పినప్పుడే అవి ఫలిస్తాయి, ఇరుకును ఒకచోటి నుంచి మరోచోటికి నెట్టినప్పుడు లెక్కల్లో మెరుగుదల కనిపించినా ప్రజలకు చేరేది తక్కువగానే ఉంటుంది. అందువల్ల ఉత్పాదకతను కొలవడానికి సరైన ప్రమాణం విడి ఆసుపత్రి కాదనీ, పాత వరంగల్ జిల్లా వంటి ఒక ప్రాంతంలోని ఆసుపత్రులన్నీ కలిసిన వ్యవస్థ అనీ చూపడమే ఇక్కడి ఉద్దేశం.

1. కొలత: ఏది లెక్కకు వస్తుంది, ఏది రాదు

వినియోగించిన వనరులకూ వాటి వల్ల వచ్చిన ఫలితానికీ మధ్య ఉండే నిష్పత్తిని ఉత్పాదకత అంటారు. ఆసుపత్రిలో వనరులను లెక్కించడం కొంత సులభం: పడకలు, వైద్యులు, స్టాఫ్ నర్సులు, పరికరాలు, మందులు, కరెంటు, నీరు. ఫలితాన్ని లెక్కించడమే కష్టం, ఎందుకంటే ఆసుపత్రి నుంచి ప్రజలు కోరేది ఆరోగ్యం కాగా రిజిస్టర్లలో నమోదయ్యేది ఓపీ చీటీల సంఖ్య, ఐపీలో చేరినవారి సంఖ్య, ఆపరేషన్లు, కాన్పులు మాత్రమే. జ్వరంతో వచ్చి రెండు రోజుల్లో ఇంటికి వెళ్లిన రోగినీ, తలకు గాయమై మూడు వారాలు ఐసీయూలో ఉన్న రోగినీ ఒక్కొక్క అంకెగానే లెక్కించే పద్ధతిలో, కష్టమైన కేసులను చేర్చుకునే ఆసుపత్రి ఎప్పుడూ వెనుకబడినట్టే కనిపిస్తుంది. రోగుల తీవ్రతను బట్టి కేసులకు వేర్వేరు తూకాలు ఇవ్వడం ఈ లోపాన్ని సరిదిద్దే మార్గం. దీన్ని కేసుల మిశ్రమం ఆధారంగా చేసే సవరణ అంటారు.

పరిపాలనలో ఎక్కువగా వాడే కొలతలు మూడు. ఉన్న పడకల్లో సగటున ఎన్ని నిండి ఉన్నాయో చెప్పేది పడకల వినియోగ శాతం. ఒక రోగి సగటున ఎన్ని రోజులు ఉన్నాడో చెప్పేది సగటు నివాస కాలం. ఏడాదిలో ఒక్కో పడకపై ఎంతమంది రోగులు మారారో చెప్పేది పడక మార్పిడి రేటు. ఈ మూడింటికీ ఉన్న సంబంధం ఒక చిన్న లెక్కతో స్పష్టమవుతుంది. 100 పడకల ఆసుపత్రిలో 85 శాతం పడకలు నిత్యం నిండి ఉంటాయనుకుంటే ఏడాదికి 31,025 పడక దినాలు వినియోగమవుతాయి. సగటు నివాస కాలం 6 రోజులైతే ఆ ఆసుపత్రి సుమారు 5,170 మందికి చికిత్స చేయగలదు. అది 5 రోజులకు తగ్గితే 6,205 మందికి చేయగలదు. ఒక్క ఇటుక పేర్చకుండా, ఒక్క మంచం కొనకుండా, ఒక్క రోజు తగ్గింపుతో 20 కొత్త పడకలకు సమానమైన సేవ లభించిందన్నమాట. అయితే ఆ ఒక్క రోజును వైద్యం వేగంగా సాగినందువల్ల తగ్గించారా, రోగిని కోలుకోకముందే పంపించివేసి తగ్గించారా అనేది ఈ లెక్కలో తేలదు.

1986లో పబోన్ లాసో ప్రతిపాదించిన పటం ఈ మూడు కొలతలను ఒకేచోట చూపుతుంది. అడ్డంగా వినియోగ శాతాన్నీ నిలువుగా మార్పిడి రేటునూ గుర్తించి, సగటుల వద్ద రెండు గీతలు గీస్తే ఆసుపత్రులు నాలుగు గదుల్లో పడతాయి. రెండూ ఎక్కువగా ఉన్న గది మంచి పనితీరుకు గుర్తు. రెండూ తక్కువగా ఉన్నది అవసరానికి మించిన పడకలకు గుర్తు. పడకలు నిండి ఉన్నా రోగులు మారని గది దీర్ఘకాలిక చికిత్సను గానీ, పరీక్షల కోసమో థియేటర్ కోసమో సాగే అనవసర నిరీక్షణను గానీ సూచిస్తుంది. త్వరగా మారుతున్నా పడకలు ఖాళీగా ఉండే గదిలో కాన్పుల ఆసుపత్రుల వంటివి కనిపిస్తాయి.

అనేక వనరులనూ అనేక ఫలితాలనూ ఒకేసారి పోల్చడానికి ఆర్థికవేత్తలు మరో పద్ధతిని వాడతారు. 1957లో మైకేల్ ఫారెల్ వేసిన పునాదిపై 1978లో చార్న్స్, కూపర్, రోడ్స్ రూపొందించిన డేటా ఎన్వలప్‌మెంట్ విశ్లేషణ అది. పోలికకు తీసుకున్న ఆసుపత్రుల్లో ఉన్న వనరులతో అత్యధిక ఫలితం సాధిస్తున్నవాటిని కలుపుతూ ఒక సరిహద్దు రేఖను ఊహించి, మిగిలినవి ఆ రేఖకు ఎంత దూరంలో ఉన్నాయో ఇది లెక్కిస్తుంది. 1984లో డేవిడ్ షెర్మన్ ఈ పద్ధతిని అమెరికాలోని బోధనాసుపత్రులకు అన్వయించారు. కాలక్రమంలో వచ్చే మార్పును పట్టుకోవడానికి వాడే మామ్‌క్విస్ట్ సూచిక ఉత్పాదకతలోని మార్పును రెండుగా విడదీస్తుంది: వెనుకబడిన ఆసుపత్రి సరిహద్దు రేఖకు దగ్గర కావడం ఒకటి, ఆ రేఖే ముందుకు జరగడం రెండోది. స్థూలంగా చూస్తే మొదటిది విధానం, నిర్వహణల ఫలం. రెండోది సాంకేతికత ఫలం. వరంగల్ అనుభవాన్ని పరిశీలిస్తే ఈ రెండూ అంత విడివిడిగా ఉండవని తేలుతుంది.

ఏ పద్ధతిలో కొలిచినా ప్రభుత్వ ఆసుపత్రుల విషయంలో ఒక వనరు మాత్రం లెక్కకు అందదు. అది రోగి వెంట వచ్చిన మనిషి శ్రమ. స్ట్రెచర్ నెట్టేది, రక్తనమూనా ల్యాబ్‌కు చేర్చేది, రిపోర్టు తెచ్చేది, సెలైన్ అయిపోతే నర్సును పిలిచేది చాలాచోట్ల ఆ మనిషే. వార్డు సిబ్బంది కొరతను కుటుంబ సభ్యులు పూడుస్తున్నప్పుడు ఆసుపత్రి తక్కువ సిబ్బందితో ఎక్కువ పని చేస్తున్నట్టు పత్రాల్లో కనిపిస్తుంది. ఆ కుటుంబం పోగొట్టుకున్న కూలి రోజులు ఏ ఖాతాలోనూ చేరవు.

2. వరంగల్ ఆసుపత్రుల అమరిక

వరంగల్ నగరంలో ప్రభుత్వ వైద్యానికి కేంద్రం దాదాపు 1000 పడకల మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి, అంటే ఎంజీఎం. 1959లో ఏర్పడిన కాకతీయ వైద్య కళాశాలకు అది బోధనాసుపత్రి. చందా కాంతయ్య స్మారక ప్రసూతి ఆసుపత్రి, హనుమకొండ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి, ప్రాంతీయ కంటి ఆసుపత్రి, ఛాతీ ఆసుపత్రి దాని చుట్టూ ఉన్న ప్రత్యేక సంస్థలు. ప్రధానమంత్రి స్వాస్థ్య సురక్ష యోజన కింద కేంద్రం 120 కోట్లు, రాష్ట్రం 30 కోట్లు భరించేలా మంజూరైన సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి కళాశాల ప్రాంగణంలో చేరింది. రాష్ట్ర వైద్య విద్యకు కేంద్రమైన కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం కూడా వరంగల్‌లోనే ఉన్నది.

ఎంజీఎంకు వచ్చే రోగుల పరిధి నగరాన్నీ జిల్లానూ దాటి ఉత్తర తెలంగాణలో చాలా భాగానికీ, గోదావరి అవతలి ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర సరిహద్దు గ్రామాలకూ విస్తరించింది. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు సేవ ప్రమాద బాధితులను వేగంగా పెద్దాసుపత్రికి చేర్చడం మొదలుపెట్టాక, లోగడ దారిలోనే ప్రాణం పోయే కేసులు క్యాజువాలిటీ దాకా రాగలిగాయి. ఇది ప్రజారోగ్యానికి గొప్ప లాభం. ఆసుపత్రి లెక్కల్లో మాత్రం తీవ్రమైన కేసులు, ఎక్కువ నివాస కాలం, ఎక్కువ మరణాలుగా నమోదవుతుంది. ఒక మంచి విధానం ఒక మంచి ఆసుపత్రిని అంకెల్లో చెడ్డదిగా చూపగలదనడానికి ఇంతకన్నా స్పష్టమైన నిదర్శనం అక్కర లేదు.

పాలనాపరమైన ఏర్పాటు ఈ చిక్కును పెంచుతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు ప్రజారోగ్య సంచాలకుని కింద, ఏరియా ఆసుపత్రులు, సామాజిక ఆరోగ్య కేంద్రాల వంటివి 1986 నాటి చట్టంతో ఏర్పడిన వైద్య విధాన పరిషత్తు పరిధిలో, బోధనాసుపత్రులు వైద్య విద్యా సంచాలకుని కింద నడుస్తూ వచ్చాయి. రోగి ఒక్కడే అయినా అతని ప్రయాణం మూడు శాఖల ఖాతాల్లో మూడు ముక్కలుగా నమోదవుతుంది. కింది స్థాయి ఆసుపత్రి ఒక సాధారణ కాన్పును వరంగల్‌కు రిఫర్ చేస్తే దాని రికార్డులో రిస్కు తగ్గుతుంది, పై ఆసుపత్రి రికార్డులో ఒక కాన్పు పెరుగుతుంది. కుటుంబం పెట్టిన ఆటో ఖర్చు, ఆలస్యం వల్ల పెరిగిన ప్రమాదం రెండు రికార్డుల్లోనూ ఉండవు.

కాకతీయుల కాలపు గొలుసుకట్టు చెరువుల్లో ఎగువ చెరువు అలుగు పారిన నీరే దిగువ చెరువుకు ఆధారమైనట్టు, ఈ ఆసుపత్రుల్లో ఒకదాని పొంగు మరొకదాని రాక అవుతుంది. ఎగువ చెరువు పూడిపోతే దిగువ చెరువు గట్టు ఎంత ఎత్తు పెంచినా వరద ఆగదు.

3. చెల్లింపు విధానం: ఆరోగ్యశ్రీ పాఠం

ఆసుపత్రికి డబ్బు ఏ పద్ధతిలో అందుతుందనేది దాని ప్రవర్తనను లోతుగా నిర్ణయిస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రులకు సంప్రదాయంగా జీతాలు, మందులు, మరమ్మతులు అనే పద్దుల వారీగా నిధులు వస్తాయి. ఈ పద్ధతిలో రోగులు రెట్టింపైనా నిధులు పెరగవు, సగమైనా తగ్గవు. ఒక పద్దులో మిగిలిన సొమ్మును అవసరమున్న మరో పద్దుకు మళ్లించే స్వేచ్ఛ సూపరింటెండెంటుకు ఉండదు. దీనికి ఎదురు కొనలో కేసుకు ఇంత అని ముందే నిర్ణయించి చెల్లించే పద్ధతి ఉన్నది. యేల్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ ఫెటర్, జాన్ థాంప్సన్ రూపొందించిన రోగ నిర్ధారణ సమూహాల వర్గీకరణను ఆధారం చేసుకొని అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ బీమా పథకమైన మెడికేర్ 1983లో ఈ పద్ధతికి మారినప్పుడు, అక్కడి ఆసుపత్రుల్లో వృద్ధుల సగటు నివాస కాలం త్వరగా తగ్గింది. మొత్తం ముందే నిర్ణయమైనప్పుడు అదనపు రోజు ఆసుపత్రికి ఖర్చే తప్ప ఆదాయం కాదు గనుక ఈ ఫలితం ఊహించదగినదే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలై 2008 నాటికి రాష్ట్రమంతటా విస్తరించిన ఆరోగ్యశ్రీ, ప్యాకేజీ చెల్లింపును తెలుగు నేలకు తెచ్చింది. పేద కుటుంబానికి ఏడాదికి లక్షన్నర రూపాయలు, అవసరమైతే మరో 50 వేల దాకా ఖర్చును భరిస్తూ మొదలైన ఈ పథకం, తెలంగాణలో 2021లో ఆయుష్మాన్ భారత్‌తో జతపడి, 2023 డిసెంబరు 9 నుంచి 10 లక్షల పరిమితికి చేరింది. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర అనే పథకపు సహాయకుడు రోగిని నమోదు చేయడం, పరీక్షల నివేదికలను కంప్యూటరులో పంపి ముందస్తు అనుమతి తీసుకోవడం, చికిత్స తరువాత ఆధారాలు సమర్పించి సొమ్ము పొందడం దీని పని క్రమం. అంటే విధానమూ సమాచార సాంకేతికతా ఒకే పథకంలో కలిసి వచ్చాయి. అంతటి విస్తృతిలో అనుమతులనూ చెల్లింపులనూ కాగితాలపై నడపడం అసాధ్యం.

ఉత్పాదకత దృష్టితో ఈ పథకం ఫలితాలు మూడు విధాలుగా కనిపిస్తాయి. గుండె, మూత్రపిండాలు, క్యాన్సర్ వంటి ఖరీదైన చికిత్సలకు పేదలు తొలిసారిగా పెద్ద సంఖ్యలో చేరగలిగారు. ఇది కాదనలేని లాభం. రెండోది, ప్యాకేజీ ధర గిట్టుబాటైన శస్త్రచికిత్సల వైపు ప్రైవేటు ఆసుపత్రులు మొగ్గాయి, దీర్ఘకాలం మందులతో నయం చేయవలసిన రోగాలు ప్రభుత్వ ఆసుపత్రులకు మిగిలాయి. గర్భసంచి తొలగింపు శస్త్రచికిత్సలు అవసరానికి మించి జరుగుతున్నాయన్న ఆందోళన రేగడం, కొన్ని చికిత్సలను ప్రభుత్వం తన ఆసుపత్రులకే ప్రత్యేకించడం ఈ ధోరణికి ప్రతిస్పందనలే. అవసరం లేని ఆపరేషన్ లెక్కల్లో ఫలితంగా నమోదవుతుంది, కేసుల తూకంలో బరువుగానూ ఉంటుంది. ఆరోగ్యానికి మాత్రం నష్టం. మూడోది, ప్రభుత్వ ఆసుపత్రి కూడా చేసిన చికిత్సకు ప్యాకేజీ సొమ్ము పొంది, అందులో కొంత ఆసుపత్రి అభివృద్ధికీ కొంత చికిత్స చేసిన బృందానికి ప్రోత్సాహకంగానూ వాడుకునే వీలు కలగడం. పద్దుల వారీ బడ్జెట్‌లో లేని కదలికను ఇది ప్రభుత్వ ఆసుపత్రుల్లోకి తెచ్చింది, కానీ చెల్లింపులు ఆలస్యమైనప్పుడు ఆ కదలిక ఆగిపోతుంది. నెలల తరబడి అందని ప్రోత్సాహకం ఏ బృందాన్నీ ప్రోత్సహించదు.

4. కాన్పులు: ఎక్కువ పని ఎప్పుడూ మంచి పని కాదు

కొలతలోని చిక్కు అత్యంత స్పష్టంగా కనిపించేది ప్రసూతి సేవల్లో. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రారంభించిన కేసీఆర్ కిట్ పథకం, ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు చేయించుకున్న తల్లికి విడతలవారీగా 12 వేల రూపాయలు, ఆడపిల్ల పుడితే మరో వెయ్యి ఇచ్చింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం తెలంగాణలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో జరిగిన కాన్పుల వాటా 2015–16లో 30.5 శాతం ఉండగా 2019–21 నాటికి 49.7 శాతానికి పెరిగింది. కాన్పుల సంఖ్యే ఫలితమైతే ఇది ఉత్పాదకతలో పెద్ద ముందడుగు. గర్భిణులను తీసుకువచ్చే అమ్మ ఒడి వాహనాలు, గర్భిణుల ఆన్‌లైన్ నమోదు ఇందులో పాలుపంచుకున్నాయి.

అదే సర్వే మరో సంగతి కూడా చెప్పింది. 2019–21లో తెలంగాణలో జరిగిన కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, ప్రైవేటులో 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం. దీన్ని పడకల భాషలోకి మార్చి చూడవచ్చు. సాధారణ కాన్పుకు 2 రోజులు, సిజేరియన్‌కు 5 రోజులు పడక అవసరమనుకుంటే, 100 కాన్పుల్లో 45 సిజేరియన్లు ఉన్నప్పుడు 335 పడక దినాలు ఖర్చవుతాయి. సిజేరియన్లు 30కి తగ్గితే 290 చాలు. థియేటర్ సమయం, మత్తు వైద్యుని సమయం, రక్తం, యాంటీబయాటిక్‌లు దీనికి అదనపు ఆదా. అయితే తీవ్రతను బట్టి తూకం వేసే పద్ధతిలో సిజేరియన్‌కు ఎక్కువ బరువు ఉంటుంది గనుక, వాటిని తగ్గించిన ఆసుపత్రి ఫలితం తగ్గినట్టు నమోదవుతుంది. తల్లికీ బిడ్డకూ ఖజానాకూ మేలు చేసిన మార్పు సూచికలో వెనుకబాటుగా కనిపించడం కొలమానంలోని లోపమే తప్ప ఆసుపత్రిలోని లోపం కాదు.

ఈ సమస్యకు తెలంగాణ వెతికిన సమాధానాల్లో ఒకటి యంత్రంతో పని లేనిది. 2017లో కరీంనగర్‌లో ఫెర్నాండెజ్ ఆసుపత్రి సహకారంతో నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది. నొప్పులు మొదలైనప్పటి నుంచి తల్లి పక్కనే ఉండి, ధైర్యం చెప్పి, సాధారణ కాన్పుకు సాయపడే ఈ నిపుణురాలి పనిని వేగవంతం చేయడం కుదరదు. 1960లలో విలియం బౌమోల్ ఎత్తి చూపినట్టు, మనిషి సమయమే సేవగా మారే రంగాల్లో ఇతర పరిశ్రమల వేగంతో ఉత్పాదకత పెరగదు, ఖర్చు మాత్రం వాటి జీతాలతో పాటు పెరుగుతుంది. ఈ సూత్రాన్ని ఆసుపత్రి నర్సుల సంఖ్యను కుదించడానికి సమర్థనగా తీసుకుంటే పొరపాటు. కాన్పు గదిలో నర్సు వెచ్చించిన అదనపు గంటలు థియేటర్‌లోనూ వార్డులోనూ రోజులను మిగిలిస్తాయి గనుక, ఒక విభాగంలో తగ్గినట్టు కనిపించే ఉత్పాదకత మొత్తం వ్యవస్థలో పెరుగుదల అవుతుంది.

5. సాంకేతికత: ఇరుకు ఎక్కడికి జరుగుతుంది

ఆసుపత్రిలో సాంకేతికత మూడు రూపాల్లో పనిచేస్తుంది. చికిత్స చేసే సాంకేతికత మొదటిది. పొట్టను పెద్దగా కోయకుండా చిన్న రంధ్రాల ద్వారా చేసే ల్యాపరోస్కోపీ, కంటి శుక్లాన్ని చిన్న కోతతో తొలగించి కృత్రిమ కటకం అమర్చే పద్ధతి నివాస కాలాన్ని రోజుల నుంచి గంటలకు తగ్గించాయి. 1994లో ప్రపంచ బ్యాంకు సాయంతో మొదలైన శుక్లాల అంధత్వ నియంత్రణ ప్రాజెక్టులో ఆంధ్రప్రదేశ్ భాగస్వామి; ఒకప్పుడు కంటికి కట్టుతో రోజుల తరబడి పడుకోబెట్టిన రోగి తరువాతి కాలంలో అదే రోజు ఇంటికి వెళ్లడం కంటి ఆసుపత్రుల్లో మామూలైంది. ఇది సరిహద్దు రేఖ ముందుకు జరగడానికి సరైన ఉదాహరణ. అయితే ఆపరేషన్ తరువాత రోగి రెండు రోజులే ఉన్నా, ఆపరేషన్‌కు ముందు థియేటర్ తేదీ కోసమో మత్తు వైద్యుని కోసమో ఐదు రోజులు పడకపై ఎదురుచూస్తే, కొత్త పరికరం మిగిల్చిన రోజులను పాత కొరత మింగేస్తుంది.

డయాలసిస్ ఈ విషయాన్ని మరింత స్పష్టంగా చూపుతుంది. ఒక్కో విడత రక్తశుద్ధికి దాదాపు 4 గంటలు పడుతుంది, రోగికి వారానికి రెండు మూడు విడతలు అవసరం. యంత్రం రోజుకు మూడు షిఫ్టుల చొప్పున ఆరు రోజులు నడిస్తే వారానికి 18 విడతలు, అంటే వారానికి మూడుసార్లు వచ్చే ఆరుగురు రోగులకే అది సరిపోతుంది. శుద్ధజల యూనిట్ ఒక్కటి ఆగితే గదిలోని యంత్రాలన్నీ ఆగుతాయి. అక్కడ ఉత్పాదకతను నిర్ణయించేది యంత్రాల సంఖ్య కాకుండా నీటి యూనిట్ నిర్వహణ, టెక్నీషియన్ హాజరు. మరో కోణంలో, దాదాపు 100 కిలోమీటర్ల దూరంలోని ఏటూరునాగారం నుంచి వారానికి మూడుసార్లు వరంగల్ రావలసిన రోగి వారంలో సగం రోజులు బస్సులోనూ ఆసుపత్రిలోనూ గడిపేస్తాడు. యంత్రాలను చిన్న పట్టణాల ఆసుపత్రులకు పంపితే ఒక్కో యంత్రం వినియోగం కొంత తగ్గవచ్చు, రోగి మిగుల్చుకున్న పనిదినాలతో కలిపి చూస్తే సమాజానికి లాభమే.

పరీక్షల సాంకేతికత రెండో రూపం. 2018లో హైదరాబాద్‌లో మొదలై 2021లో జిల్లాలకు విస్తరించిన తెలంగాణ డయాగ్నొస్టిక్స్‌లో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తీసిన నమూనా జిల్లా కేంద్ర ప్రయోగశాలకు చేరి, ఆటోమేటిక్ యంత్రాలపై పరీక్ష జరిగి, ఫలితం కంప్యూటరు ద్వారా తిరిగి వస్తుంది. వేల నమూనాలను ఒకేచోట చేయడం వల్ల ఒక్కో పరీక్షకు అయ్యే ఖర్చు తగ్గడం పెద్ద పరిమాణం ఇచ్చే ఆదా. కానీ ఫలితం మధ్యాహ్నం వచ్చినా డాక్టరు దాన్ని మరునాటి ఉదయం రౌండ్లలోనే చూస్తే, డిశ్చార్జ్ మరో రోజు వాయిదా పడుతుంది. ప్రయోగశాల గంటల్లో మిగిల్చిన సమయం వార్డు అలవాటు వల్ల రోజుగా ఖర్చయితే, మార్చవలసినది యంత్రాన్ని కాదు, రౌండ్ల వేళను.

సమాచార సాంకేతికత మూడో రూపం. మందుల నిల్వలను చూపే ఈ-ఔషధి, దూరం నుంచి వైద్య సలహా ఇచ్చే ఈ-సంజీవని, 2021 సెప్టెంబరులో దేశమంతటికీ ప్రకటించిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద పౌరునికి ఇచ్చే ఆరోగ్య ఖాతా సంఖ్య ఇందులోవి. కంప్యూటర్ల యుగం అంతటా కనిపిస్తున్నా ఉత్పాదకత గణాంకాల్లో మాత్రం కనిపించడం లేదన్న భావాన్ని రాబర్ట్ సోలో 1987లో వ్యక్తం చేశారు. పని తీరును మార్చకుండా పాత రిజిస్టరు పక్కన కంప్యూటరును చేర్చిన ప్రతిచోటా ఆ మాట నిజమవుతుంది: నర్సు ముందు రిజిస్టరులో రాసి, తరువాత అదే వివరాన్ని తెరపై నింపితే పని రెట్టింపవుతుంది, రోగి దగ్గర గడిపే సమయం తగ్గుతుంది. రిజిస్టరును తీసివేసే ధైర్యం విధానానికి ఉన్నప్పుడే కంప్యూటరు సమయాన్ని మిగులుస్తుంది.

పరికరాల నిర్వహణను ఈ మూడింటితో పాటే చెప్పుకోవాలి. కొన్న రోజున ప్రారంభోత్సవం జరిగే యంత్రానికి పాడైన రోజున మరమ్మతు ఒప్పందం లేకపోతే, అది ఆస్తుల పట్టికలో వనరుగా నిలిచి ఫలితం ఇవ్వక, ఆసుపత్రి ఉత్పాదకతను లెక్కల్లోనూ వాస్తవంలోనూ కిందికి లాగుతుంది. కొనుగోలు ధరతో పాటు యంత్రం జీవితకాలపు నిర్వహణ ఖర్చునూ, దాన్ని నడిపే టెక్నీషియన్ పోస్టునూ ఒకే ఉత్తర్వులో మంజూరు చేయడం పెద్ద సంస్కరణగా కనిపించదు, కానీ దాని ఫలితం పెద్దది.

6. పెద్ద భవనం, చిన్న పట్టణాలు

2021 జూన్ 21న అంతకుముందు వరంగల్ కేంద్ర కారాగారం ఉన్న స్థలంలో మల్టీ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. 24 అంతస్తులు, 2000కు పైగా పడకలు, తొలి మంజూరులో 1,100 కోట్ల రూపాయలు దాని కొలతలు. ఆసుపత్రుల పరిమాణంపై వివిధ దేశాల అధ్యయనాలు మొత్తంగా చెప్పేదేమిటంటే, సుమారు 200 పడకల దాకా పరిమాణం పెరిగేకొద్దీ సగటు ఖర్చు తగ్గుతుంది, 600 పడకలు దాటాక సమన్వయ భారం వల్ల ఆ ఆదా తరిగిపోతుంది. అరుదైన నైపుణ్యాలను ఒకేచోట చేర్చవలసిన సూపర్ స్పెషాలిటీ వైద్యానికీ, వైద్య విద్యకూ ఈ సూత్రం యథాతథంగా వర్తించదు. అయినా ఇంత పెద్ద సంస్థను ఒకే పాలనా విభాగంగా కాక, సొంత బడ్జెట్, సొంత సిబ్బంది, సొంత లెక్కలు ఉన్న ఆసుపత్రుల సముదాయంగా నడపాలన్న హెచ్చరిక అందులో ఉన్నది.

ఇదే కాలంలో మరో దిశలోనూ విస్తరణ జరిగింది. 2016 అక్టోబరులో పాత వరంగల్ జిల్లా విడిపోయాక ఏర్పడిన జిల్లాల్లో మహబూబాబాద్‌కు 2022లో, జనగామకూ భూపాలపల్లికీ 2023లో, ములుగుకూ నర్సంపేటకూ 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. వీటితో జిల్లా ఆసుపత్రులు బోధనాసుపత్రులయ్యాయి, నిపుణుల పోస్టులు మంజూరయ్యాయి. ఈ పోస్టులు నిండి, థియేటర్లు రాత్రిపూట కూడా నడిస్తే ఎంజీఎంకు చేరే సాధారణ కేసులు తగ్గుతాయి. అవి కాగితంపైనే మిగిలితే వరంగల్‌లో ఎన్ని అంతస్తులు లేచినా ఒకే మంచంపై ఇద్దరు రోగుల పరిస్థితి కొత్త చిరునామాకు మారుతుందంతే. 2022లో తెలంగాణ కొత్తగా నియమితులయ్యే ప్రభుత్వ వైద్యులు ప్రైవేటు ప్రాక్టీసు చేయరాదని నిబంధన పెట్టింది. దాని ఫలం కూడా చిన్న పట్టణాల్లో వైద్యుడు నివసించడానికి తగిన క్వార్టర్లు, పిల్లలకు బడి, తోటి నిపుణుల తోడు ఉన్నాయా అన్నదానిపైనే ఆధారపడుతుంది.

7. జిల్లా లెక్క ఎలా ఉండాలి

ఇంతవరకు చూసిన ఉదాహరణలన్నీ ఒకే దిశను చూపుతున్నాయి. 108 వల్ల పెద్దాసుపత్రి మరణాల శాతం పెరిగినట్టు కనిపించడం, సిజేరియన్లు తగ్గితే ఫలితం తగ్గినట్టు నమోదవడం, డయాలసిస్ యంత్రాన్ని రోగికి దగ్గర చేస్తే దాని వినియోగం పడిపోయినట్టు తేలడం, ఇవన్నీ విడి సంస్థను కొలమానంగా తీసుకోవడం వల్ల పుట్టిన వైపరీత్యాలు. పాత వరంగల్ జిల్లా పరిధిలోని ప్రభుత్వ ఆసుపత్రులన్నింటినీ ఒకే యూనిట్‌గా తీసుకుంటే ఇవి చాలావరకు తొలగిపోతాయి.

అలాంటి లెక్కకు కావలసినవి నాలుగు. రోగి ఒక స్థాయి నుంచి మరో స్థాయికి వెళ్లినా ఒకే సంఖ్యతో గుర్తించే వీలు, అందుకు డిజిటల్ ఆరోగ్య ఖాతా ఇప్పటికే పునాది వేసింది. రిఫరల్‌కు కారణం తప్పనిసరిగా రాయడం, తద్వారా మత్తు వైద్యుడు లేనందువల్ల పంపిన కేసు ఏదో, నిజంగా పై స్థాయి వైద్యం కావలసిన కేసు ఏదో వేరుపడుతుంది. డిశ్చార్జ్ అయిన 30 రోజుల్లో తిరిగి చేరినవారి లెక్క, దీనివల్ల తొందరపాటు డిశ్చార్జ్‌లు ఉత్పాదకతగా చెల్లుబాటు కావు. చివరిది, రోగి, వెంట వచ్చినవారు వెచ్చించిన రోజుల అంచనా. దీన్ని నమూనా సర్వేతో ఏడాదికోసారి సేకరించవచ్చు. ఈ లెక్కను ప్రజల ముందు పెట్టే బాధ్యతను వరంగల్‌లోనే ఉన్న ఆరోగ్య విశ్వవిద్యాలయం, కాకతీయ విశ్వవిద్యాలయ అర్థశాస్త్ర విభాగం కలిసి తీసుకోవడానికి ఏ చట్టమూ అడ్డు కాదు.

అప్పుడు కొత్త భవనం విజయాన్ని కొలిచే గీటురాయి కూడా మారుతుంది. తెరిచిన రోజున ఎన్ని పడకలు నిండాయన్నది విజయం కాదు. ములుగు, నర్సంపేట, మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి నుంచి వరంగల్‌కు రిఫర్ అయ్యే సాధారణ కాన్పులు, విరిగిన ఎముకలు, పాముకాట్లు ఏటేటా తగ్గుతూ, గుండె, మెదడు, మూత్రపిండాల వంటి కష్టమైన కేసులు హైదరాబాద్‌కు పోకుండా వరంగల్‌లోనే నయమవుతూ ఉంటే, ఆ 24 అంతస్తులపై పెట్టిన ప్రతి రూపాయికీ జవాబు దొరికినట్టు. ఆ రెండు అంకెలను ప్రభుత్వం ఏటా ప్రకటించాలని కోరడం ఈ జిల్లాల పౌరుల హక్కు. వాటిని ప్రకటించగలిగే స్థితికి ఆసుపత్రుల రికార్డులను తీసుకురావడం విధానకర్తలు వెంటనే చేపట్టవలసిన పని.